లక్కపిడతలూ, మూడేళ్ల లైట్ బాక్సూ

మా వదిన ఏటికొప్పాక నుంచి లక్క బొమ్మలు తెప్పించి ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఫోటోల పని నాది. మూడేళ్ల కిందట రెండడుగుల మడత లైట్ బాక్సు ఒకటి కొన్నాం. తెల్ల గుడ్డ గోడలు, పైకప్పుకి రెండు ఎల్ఈడీ పట్టీలు, వెనక వేసుకోవడానికి నాలుగు రంగుల షీట్లు. కుంకుమ భరిణెల నుంచి రాజా రాణి బొమ్మల దాకా అన్నీ అందులోకి వెళ్లొచ్చాయి.

మొదటి రోజే చిక్కొచ్చింది. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కణికని నొక్కిపెడితే రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఆ అద్దంలో పట్టీల దీపాలన్నీ కనిపించాయి. ఒక చిన్న పిడత పొట్ట మీద వరసగా 20 చుక్కలు లెక్కపెట్టాను, తట్టు పోసినట్టు!

పట్టీల కింద ట్రేసింగ్ పేపర్ అంటించాను. చుక్కలు పోయాయి గానీ గుండ్రదనం కూడా వాటితోనే పోయింది. అన్ని వైపుల నుంచీ ఒకేలా వెలుగు పడేసరికి పిడత కాగితం మీద కత్తిరించి అతికించినట్టుంది. ఆఖరికి పట్టీలు ఆర్పేసి, ఎడమవైపు గోడ బయట ఒక్క దీపం పెట్టి, కుడిపక్క నల్ల చార్టు ముక్క నిలబెట్టాను. మెడ నుంచి అడుగు దాకా ఒకే మెత్తని వెలుగు చార, అవతలి అంచుకి సన్నని నల్లగీత. వదిన కెమెరా లాక్కుని, "ఇదీ పిడతంటే!" అంది. అప్పటి నుంచి అదే పద్ధతి. కెమెరాలో ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే తీరు) 100, ఎఫ్/11 (వెలుగు వచ్చే రంధ్రం చిన్నగా), కింద ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. లెన్సు ముందు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) కూడా పెట్టి చూశాను. మెరుపంతా మింగేసి లక్కని మట్టిలా చేసింది, తీసేశాను.

ఇక రంగులు. జాఫ్రా గింజల నారింజ రంగు ఫోటోలో ఇటుకపొడిలా వచ్చేది. "మీరు వేరే బొమ్మ పంపారు" అని ఒకావిడ తిప్పి పంపేసింది కూడా. లైట్ బాక్సు పెట్టె మీద సీఆర్ఐ 95 అని అచ్చేశారు. దీపం వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో వందకి చెప్పే అంకె అది. నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు సంగతి ఆర్9 అనే వేరే అంకె చెబుతుంది, దాన్ని చాలామంది పెట్టె మీద వేయరు. బయటి దీపం కొన్నప్పుడు ఆర్9 అడిగి మరీ తీసుకున్నాను. ప్రతిసారీ ముందు గ్రే కార్డుతో (బూడిదరంగు అట్ట) వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపుగానే వచ్చేలా కెమెరా రంగులు, సరిచేసుకుంటాను. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పకపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు.

జిప్పు ఏడాదికే పోయింది, క్లిప్పులతో నడుస్తోంది. గుడ్డ పసుపెక్కింది. ఉతికాను, ఏం లాభం లేదు. నల్ల షీటు మడత గీతలు ఇస్త్రీకి కూడా లొంగలేదు.

తెల్ల గుడ్డ గూడు చాలనుకుంటే కొనుక్కోండి. దాని దీపాల్ని నమ్ముకుని మాత్రం వద్దు. అన్నీ చేసినా నీలిమందు రంగు నాకింకా లొంగలేదు, కొన్ని ఫోన్లలో నల్లగానే కనిపిస్తుంది. అందుకే వదిన ఆ బొమ్మల కింద "ఇది నలుపు కాదండీ, నీలం" అని రాసిపెడుతోంది.