అడవి ఉన్నంతసేపే క్రైసిస్

క్రైసిస్ 2007 నవంబరులో వచ్చిన షూటింగ్ గేము. ఇప్పటికీ దీని అడవి ముందు కొన్ని కొత్త గేములు వెలవెలబోతాయి. తలకోన దారిలో పొద్దున్నే ఆకుల సందుల్లోంచి పడే ఎండ చూసినవాళ్లకు ఈ ఆట జరిగే లింగ్‌షాన్ దీవిలో వెలుతురు పరాయిగా అనిపించదు. పైగా ఇది చూసేదానికి మాత్రమే పెట్టిన అడవి కాదు. గుండ్లు కురిపిస్తే చెట్టు తగిలిన చోటే విరిగి పడుతుంది, గ్రెనేడ్ పడితే రేకుల షెడ్డు ముక్కలుగా ఊడొస్తుంది.

ఆట ప్రాణమంతా మన పాత్ర తొడుక్కునే నానోసూట్‌లో ఉంది. మౌస్ మధ్య బటన్ నొక్కి పట్టుకుంటే దాని నాలుగు మోడ్‌లు కనిపిస్తాయి: దెబ్బలు ఆపే ఆర్మర్, వేగం పెంచే స్పీడ్, బలం పెంచే స్ట్రెంగ్త్, మనల్ని మాయం చేసే క్లోక్. నాలుగింటికీ ఎనర్జీ ఒక్కటే. క్లోక్‌లో ఉండి ట్రిగ్గర్ నొక్కారంటే ఎనర్జీ మొత్తం ఒక్క దెబ్బకు ఖాళీ. అందుకే ముందు స్ట్రెంగ్త్‌లోకి మారి కాల్చండి, గురి కూడా నిలకడగా ఉంటుంది. ఆ వెంటనే క్లోక్ వేసి పొదలోకి జరగండి. ఈ ఒక్క అలవాటు పడితే ఆట సగం మీ చేతికొచ్చినట్టే. సైలెన్సర్ తగిలిస్తే తూటా దెబ్బ తగ్గుతుంది, కాబట్టి తలకే గురి పెట్టాలి. మామూలు సైనికుడు కూడా ఒంటి మీద ఇన్ని తూటాలు తిని నిలబడటం మాత్రం విసుగే. శత్రువుల్లో ఎవడైనా సాయం కోసం ఫ్లేర్ (వెలుగు సంకేతం) పేల్చాడంటే అదనపు బలగం దిగుతుంది, ముందు వాణ్ణి పడేయండి. రెండోసారి ఆడేవాళ్లు అన్నిటికన్నా కష్టమైన డెల్టా స్థాయి పెట్టుకోండి. గురి చూపే క్రాస్‌హెయిర్ గుర్తు ఉండదు, శత్రువులు కొరియన్‌లోనే మాట్లాడుకుంటారు.

ఐదో లెవెల్ ఆన్‌స్లాట్‌లో ట్యాంకు ఎక్కించినప్పుడే పట్టు సడలుతుంది. ఏడోది కోర్, గ్రహాంతరవాసుల ఓడ లోపల. బరువు లేకుండా తేలుతూ పోవాలి, ఏది పైనో ఏది కిందో తెలియదు. కళ్లకు మాత్రం పండగే. మంచు లెవెల్‌లోనూ అంతే, గడ్డకట్టిన ఆకు మీద మెరుపు చూస్తూ నిలబడిపోతాం. కానీ అప్పటిదాకా నేర్చుకున్న మాటు, చాటు, చుట్టూ తిరిగి వెనకనుంచి కొట్టడం, ఏదీ పనికిరాదు. ఎగిరి మీదపడే గ్రహాంతరవాసుల్ని ఆర్మర్‌లో ఉండి షాట్‌గన్‌తో దగ్గర్నుంచి కొట్టడమొక్కటే మిగులుతుంది. పదోది అసెన్షన్‌లో నడిపే విమానమైతే చెప్పిన మాటే వినదు.

ఇక పీసీ సంగతి. పాత వెర్షన్ ప్రాసెసర్‌లో ఒకటి రెండు కోర్ల మీదే బతుకుతుంది, కాబట్టి పెద్ద పేలుళ్లప్పుడు కొత్త గ్రాఫిక్స్ కార్డున్నా ఫ్రేములు పడిపోతాయి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు 64 బిట్ ఫైలు తెరుచుకోకుండానే క్రాష్ అవుతుంది. ఆ ప్రాసెసర్లలో లేని పాత 3డీనౌ ఆదేశాల్ని అది అడుగుతుంది మరి. బిన్32 ఫోల్డర్‌లోని ఫైలుతో నడపండి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో షాడోలు, షేడర్లు ఒక మెట్టు దించితే చాలు, మిగతావి వెరీ హైలోనే ఉంచొచ్చు. తిరుపతి మే నెలలో ఏసీ లేని గదైతే ఫ్రేములు సెకనుకు 60కి కట్టేయండి, కార్డు అరుపు తగ్గుతుంది. కరెంటు కోతలుంటే చెక్‌పాయింట్‌ను నమ్మొద్దు, క్విక్‌సేవ్ చేస్తుండండి.

2020లో మెరుగులు దిద్ది వదిలిన రీమాస్టర్‌లో వెలుతురును నిజంలా చూపే రే ట్రేసింగ్ ఉంది. అసెన్షన్ లెవెల్‌ను మొదట తీసేసి, పీసీలో తర్వాత కలిపారు. తీసేసినప్పుడు నాకైతే ఏ లోటూ తెలియలేదు. డిస్కౌంట్‌లో పాతదే కొనుక్కోండి, మొదటి నాలుగు లెవెల్స్‌కే డబ్బులు గిట్టుబాటవుతాయి.