ఒకే టైలు, నాలుగు రకాల నేలలు: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

గుంటూరులోని మా పాత ఇంటిని 2017లో బాగుచేయించినప్పుడు, వరండా, స్నానాల గది మినహా ఇల్లంతా ఒకే రకం టైలు వేయించాము. అది రెండడుగుల చదరంలో ఉండే డబుల్ చార్జ్ (పైన మందపాటి రంగు పొర ఉండే) విట్రిఫైడ్ టైలు. అంతా ఒకే బ్యాచ్ సరుకు. అయితే దాని కింది నేల మాత్రం గదికొక రకంగా ఉంది. హాల్లో బేతంచర్ల రాళ్లు, పడకగదిలో ఎర్ర గచ్చు, కొత్తగా కలిపిన వంటగదిలో మట్టి నింపి పోసిన కాంక్రీటు, మేడ మీద అప్పుడే పోసిన శ్లాబు ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత చూస్తే నాలుగు చోట్లా ఫలితం నాలుగు రకాలుగా ఉన్నందున, ఈ సమీక్షలో టైలు కన్నా దాని కింది నేల గురించే ఎక్కువగా చెప్పవలసి వస్తోంది.

టైలు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. డబుల్ చార్జ్ రకంలో రంగు పొర కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి, పై అచ్చు అరిగిపోవడమన్న సమస్య రాలేదు. వీధి గుమ్మం దగ్గర ఇసుక రాపిడికి మెరుపు కొంత తగ్గింది. తడిగా ఉన్నప్పుడు జారుతుందన్నది నిజమే. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ విషయం ముందుగా ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా బాగా నిలిచింది హాలు. బేతంచర్ల రాళ్లు దశాబ్దాల క్రితమే పరిచినవి. కింది నేల కుంగవలసినంత ఎప్పుడో కుంగి స్థిరపడింది. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ ప్రతి రాయినీ సుత్తి పిడితో తట్టి చూసి, డొల్లగా మోగినవాటిని మాత్రం లేపించి, కొత్త మాలు వేసి మళ్లీ కూర్చోబెట్టాడు. ఆ తర్వాత రాళ్ల మీది మైనాన్ని, జిడ్డును సోడాతో కడిగించి, నునుపుగా ఉన్న పైభాగానికి గరుకు పెట్టించి, అంచున పళ్లుండే గాట్ల తాపీతో అడ్హెసివ్ (టైళ్లు అతికించే జిగురు) పరిచి టైలు అతికించాడు. పాత నేల మీద వేసేటప్పుడు సిమెంటు పాలు (నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు) చాలవని అప్పుడు ఆయన పట్టుబట్టడం సరైనదేనని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను. విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపుగా పీల్చుకోదు. పీల్చుకోని వస్తువుకు ఉత్త సిమెంటు పాలు గట్టిగా పట్టవు. అడ్హెసివ్‌లకు ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం ఉంది. సంచి మీద ఆ సంఖ్యతోపాటు టైపు కూడా చూసి, పాత నేల మీద వాడదగినదేనా అని నిర్ధారించుకుని కొనాలి. రాళ్లలో హెచ్చుతగ్గులుంటే, సంచి మీద రాసినన్ని చదరపు అడుగులకు సరుకు రాదని కూడా లెక్కలో పెట్టుకోవాలి. నేల సుమారు అర అంగుళం పైకి లేచింది కాబట్టి తలుపుల అడుగుభాగం చెక్కించవలసి వచ్చింది, అంతే.

పడకగది కథ వేరు. ఎర్ర గచ్చు చూడటానికి గట్టిగా, అద్దంలా ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. ఇక్కడ పని చేసింది మరో ముఠా. వారు గచ్చు మీద అక్కడక్కడా ఉలితో గాట్లు పెట్టి, మిగతాది అలాగే వదిలేసి, అదే అడ్హెసివ్‌తో టైలు వేశారు. రెండేళ్లు తిరగకుండానే మంచం పక్కన నడుస్తుంటే టకటకమని డొల్ల శబ్దం మొదలైంది. ఒక టైలు లేపించి చూస్తే అసలు సంగతి తెలిసింది: అడ్హెసివ్ టైలును వదల్లేదు, దాని రెండో వైపున గచ్చు తాలూకు పలుచని ఎర్రటి పొర చెక్కుచెదరకుండా అంటుకుని వచ్చింది, కింద బూడిద రంగు పాత బెడ్డు (అడుగు పొర) బయటపడింది. అంటే అతుకు విడలేదు. గచ్చు పై పొరే అడుగును విడిచి లేచిపోయింది. నూనెలు, మైనాలు పట్టిన ఆ పొరను గ్రైండింగ్ మిషన్‌తో పూర్తిగా తీసేయడం తప్ప వేరే మార్గం లేదు. ఆ గది సగభాగాన్ని అలాగే చేయించి మళ్లీ వేయించాము. మిగిలిన సగంలో శబ్దం ఇప్పటికీ ఉంది.

వంటగదిలో సమస్య టైలుకు చాలా లోతున ఉంది. మాది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకుని నెర్రెలిచ్చే మట్టి. పునాది తవ్వగా వచ్చిన ఆ మట్టినే తిరిగి గదిలో నింపి, సరిగా తడిపి దిమ్మిస కొట్టకుండానే పైన పలుచగా కాంక్రీటు పోశారు. దాని మీద వేసిన టైళ్లు ఏ లోపం లేకుండా అతుక్కున్నాయి గానీ, మొత్తం నేలే ఒక పక్కకు దిగింది. పాత గోడకు, కొత్త నేలకు మధ్య గీత గీసినట్టు చీలిక వచ్చింది. గ్రౌటు (సందులు పూడ్చే మిశ్రమం) ఎన్నిసార్లు నింపినా తర్వాతి వేసవికి మళ్లీ విచ్చుకునేది. చివరకు అంతా తవ్వి, ఆ మట్టిని తీయించి, గ్రావెల్‌ను అరడుగు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టించి, నాలుగంగుళాల కాంక్రీటు వేయించాక గానీ అది ఆగలేదు. పాత నేల, కొత్త నేల కలిసే గీత మీద ఒకే టైలును అడ్డంగా దాటించకుండా, సరిగ్గా అక్కడే సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపించాము. రెండు నేలల కదలిక ఎన్నటికీ ఒకటిగా ఉండదు కాబట్టి ఆ సందు వదలడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మేడ మీది గదిలో పాత పద్ధతినే అనుసరించారు: శ్లాబు మీద ఇసుక, సిమెంటు బెడ్డు, దాని మీద సిమెంటు పాలు, ఆపై టైలు. శ్లాబు పోసి ఎంతోకాలం కాలేదు. కాంక్రీటు నెలల తరబడి ఆరుతూ కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది, టైలు కుంచించుకోదు. పైగా టైళ్లను ఒకదానికొకటి ఆనించి, గోడలను కూడా తాకించి వేశారు. ఒక మే నెల మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో గది నడుమ ఒక వరుస టైళ్లు రెండు పక్కల నుంచీ తోసుకుని పైకి లేచాయి. ఎక్కడా పగుళ్లు లేవు, అడుగున సిమెంటు అంటిన జాడ కూడా అంతంతమాత్రమే. తిరిగి వేయించినప్పుడు టైలుకు టైలుకు మధ్య స్పేసర్లు (సందు సమంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టించి, చుట్టూ గోడల వెంట ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల సందు వదిలించాము. గోడ అడుగున అతికించే స్కర్టింగ్ పట్టీ దాన్ని కప్పేస్తుంది కాబట్టి పైకి కనిపించదు. ఆ తర్వాత వచ్చిన వేసవులన్నీ ఏ చప్పుడూ లేకుండా గడిచాయి.

ఇన్ని మార్పులకూ మిగులు టైళ్లు చాలాయంటే, మొదట్లో కొన్ని పెట్టెలు అదనంగా కొని అటక మీద పెట్టించడమే కారణం; తర్వాతి బ్యాచ్‌లో అదే పేరుతో వచ్చిన టైలును దుకాణంలో పక్కన పెట్టి చూస్తే రంగులో తేడా స్పష్టంగా తెలిసింది. వరండాలోని బేతంచర్ల రాళ్ల మీద కూడా టైలు వేయమని చాలామంది సలహా ఇచ్చారు. అక్కడికి వాన జల్లు కొడుతుంది, చెప్పుల ఇసుక చేరుతుంది, ఆ రాళ్లు ఒక్కటీ కదలలేదు. అందువల్ల వాటిని అలాగే ఉంచి, సందులు మాత్రం సిమెంటుతో పూడ్పించాము.