బోర్డుల షాపు సామాను: ఉప్పుగాలికి ఏది ఆగింది, ఏది ఆగలేదు

మచిలీపట్నంలో బోర్డుల షాపు నడుపుతున్నాను. మాది ఉప్పుగాలి ఊరు. లోపలి ఊళ్లలో నిక్షేపంగా ఉండే సామాను కూడా ఇక్కడ ఒకట్రెండు వానాకాలాలకే అసలు రంగు బయటపెడుతుంది. కొత్తగా షాపు పెట్టేవాళ్లు అడుగుతున్నారని ఇన్నేళ్లలో చూసింది రాస్తున్నాను.

ముందు ప్లాటర్, అంటే వినైల్ అనే అంటించే ప్లాస్టిక్ షీటును బ్లేడుతో అక్షరాలుగా కోసే మిషను. నాది 24 అంగుళాల సర్వో మోటార్ మిషను. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే చవక స్టెప్పర్ మోటార్ మిషను కూడా కోసేస్తుంది. అసలు పరీక్ష తెలుగుతోనే. సున్నా చుట్టూ తిరిగిన బ్లేడు సరిగ్గా మొదలైన చోటికే రావాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా అక్కడ వినైల్ దారంలా అంటుకుని ఉంటుంది, అక్షరాల చుట్టూ మిగిలిన వేస్టు పీకేటప్పుడు ఒత్తు కూడా లేచొస్తుంది. అందుకే డెమోలో అమ్మేవాడు చూపించే నమూనా చూసి ఊరుకోకండి. ‘లక్ష్మీ’ అని అంగుళం ఎత్తున కోయించి, మీ చేత్తో పీకి చూడండి. మామూలు వినైల్‌కి 45 డిగ్రీల బ్లేడు, మందంగా ఉండే రిఫ్లెక్టివ్ రేడియానికి (లైటు పడితే మెరిసే స్టిక్కరు) 60. వెనక కాగితం మీద సన్నటి గీత పడితే ప్రెషర్ సరిపోయినట్టు. కాగితం తెగిందంటే ఎక్కువైనట్టు.

అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే తెలుగు ఫాంట్లు) కొట్టిన మేటరుతో ఇంకో తంటా. అక్షరం, గుడి, ఒత్తు వేర్వేరు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ప్రింటులో ఏమీ తెలియదు. ప్లాటర్ మాత్రం ఎక్కిన ప్రతిచోటా గీత కోసేస్తుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్ (వట్టి గీతలు) చేసి, ముక్కలన్నీ ఒకటయ్యేలా వెల్డ్ కొట్టి, గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్ వ్యూలో లోపల గీతలేవీ మిగల్లేదని చూశాకే పంపాలి. కొత్త కుర్రాడికి నేను నేర్పే మొదటి పని ఇదే.

వినైల్‌లో చదును బోర్డుకి మామూలు రకం చాలు. బండి వంపుల మీదికి మాత్రం క్యాస్ట్ వినైలే వేయాలి. మామూలుది కొన్నాళ్లకు కుంచించుకుపోయి అంచులు లేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం అతికించే పని పెట్టుకోకండి. కాలిన రేకు మీద గమ్ము తాకగానే పట్టేస్తుంది, సర్దుకునే వీలుండదు.

ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) కొనేటప్పుడు అందరూ 3 ఎంఎం అనే అడుగుతారు. అడగాల్సింది పైన అల్యూమినియం పొర మందం. 0.25 ఎంఎం ఉంటే గాడి కొట్టి మడిచినా నిలుస్తుంది. మరీ పల్చటిదైతే మడత దగ్గరే చిట్లుతుంది. బోర్డు బిగించగానే పైన ఫిల్మ్ తీసేయండి, ఎండకు కాలితే గమ్ము అంటుకుని ప్రాణం తీస్తుంది.

గ్లోసైన్ (లోపల లైటు వెలిగే) బోర్డుల్లో ఎల్‌ఈడీ మాడ్యూళ్ల కంటే ముందు పోయేది ఎస్‌ఎంపీఎస్, అంటే మామూలు కరెంటును 12 వోల్టులకు మార్చే డబ్బా. 1.5 వాట్ల మాడ్యూళ్లు 60 అంటే 90 వాట్లు, 12 వోల్టుల మీద ఏడున్నర ఆంప్స్. దానికి 10 ఆంప్స్‌ది పెడతాను, అంతకు తగ్గను. వరుస పొడుగైతే చివరి మాడ్యూళ్లు మసకబారతాయి, రెండు వైపుల నుంచీ కరెంటు ఇవ్వాలి. గ్యారంటీ సంగతంటారా, నాకు సరుకు వేసిన ఒక హోల్‌సేలర్ పోయిన మాడ్యూళ్లు మార్చి ఇచ్చాడు, మర్యాదగానే ఇచ్చాడు. నిచ్చెనేసుకుని మళ్లీ ఎక్కిన ఇద్దరు మనుషుల కూలి మాత్రం నా నెత్తినే పడింది. ఇప్పుడు రేటు చెప్పేటప్పుడే అది కూడా కలుపుకుంటున్నాను.

ట్యూబు తెరవగానే వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ రేకు దగ్గర, వైర్ల దగ్గర వాడకండి, తుప్పు తెస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే. జీఐవి (జింకు పూత ఇనుపవి) వేస్తే తెల్ల బోర్డు మీద తుప్పు చారలు కారతాయి.

లేజర్ మిషను నేను కొనలేదు. అక్రిలిక్ అక్షరాలకు విజయవాడకు ఫైలు పంపితే కోసి బస్సు పార్శిల్లో వేస్తారు. కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, వినైల్, పీవీసీ సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు) అందులో పెట్టకూడదు. వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువు ఉంటుంది, మనిషికీ చేటు, మిషనుకీ తుప్పు. నేను ఆ డబ్బుతో మంచి అల్యూమినియం నిచ్చెన, హ్యామర్ డ్రిల్లు కొన్నాను. రెండూ రోజూ పనిలోనే ఉన్నాయి.