ఫీడర్ యాప్ రివ్యూ: ఏడాదిపైన వాడినాక రాస్తున్నా

తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నా. చదివేదానికన్నా ఏది చదవాలో తేల్చుకునేదానికే నాకు ఎక్కువ టైమ్ పోయేది. ఒకరోజు కూర్చుని లెక్కేస్తే ఫోన్లో 43 టెలిగ్రామ్ చానళ్ళు, 11 వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. పొద్దున లేచి నెట్ ఆన్ చేస్తే చాలు, ఫోన్ ఐదు నిమిషాలు ఆగకుండా మోగేది, చూస్తే అదే కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ పది చోట్ల పది పేర్లతో ఉంటాది, అన్నీ డౌన్‌లోడ్ చేసుకునేవాణ్ణి, ఒక్కటీ పూర్తిగా తెరిచింది లేదు, వదిలేస్తేనేమో ఏదో మిస్సయిపోతామని భయం.

ఇది చాలదని ఒక చానల్లో ఎగ్జామ్ పోస్ట్‌పోన్ అని పేపర్ కటింగ్ పెట్టినారు. మా రూమ్మేట్ దాన్ని నమ్మి మూడు రోజులు రివిజన్ ఆపేసినాడు, తీరా చూస్తే అది పాత సంవత్సరం కటింగ్. వాడి మొహం చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

ఎస్వీయూ లైబ్రరీలో పరిచయమైన ఒక అన్న ఈ యాప్ చెప్పినాడు. "రేయ్, ముందు వచ్చేవి తగ్గించుకోరా, చదివేది తర్వాత చూద్దాం" అన్నాడు. ఫీడర్ అంటే ఆర్ఎస్ఎస్ రీడర్. ఆర్ఎస్ఎస్ అంటే ఇక్కడ సంఘం కాదు, సైట్లో కొత్తగా పెట్టినవాటి లిస్టును (దాన్నే ఫీడ్ అంటారు) ఇట్లాంటి యాప్‌లకి అందించే పద్ధతి. ఇది కొత్తదేం కాదు, 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ వాళ్ళు తెచ్చినారు, ఇట్లాంటిదే గూగుల్ రీడర్ అని ఒకటి ఉండేది, దాన్ని 2013 జులై 1న మూసేసినారు, అప్పట్నించి మనలో చానా మందికి దీని సంగతే తెలీకుండా పోయింది. పని సింపుల్: మనకు కావాల్సిన సైట్ల ఫీడ్ అడ్రస్‌లు ఇస్తే వాటిలో కొత్తగా వచ్చినవి మాత్రం ఒకచోట వరసగా పెడతాది. అకౌంట్ అక్కర్లేదు, యాడ్స్ లేవు, డబ్బులు కట్టేది లేదు, ఓపెన్ సోర్స్, అంటే దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు. మనం అడగని పోస్టు ఒక్కటి కూడా మధ్యలో దూర్చదు.

నేను పెట్టుకున్నవి తొమ్మిదే. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు వచ్చే సైట్), ఆర్‌బీఐ ప్రెస్ రిలీజులు, ది హిందూలో రెండు పేజీలు, మిగతావి బ్లాగులు, రెండు యూట్యూబ్ చానళ్ళు. అవును, యూట్యూబ్ చానల్‌కి కూడా ఫీడ్ ఉంటాది, అట్ల చూస్తే పక్కన వేరే వీడియోలు లాగవు. తేడా ఎంతుందో 2025 జూన్‌లో చూసినా. ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకి తను ఇచ్చే అప్పు మీద వడ్డీ) 6 నుంచి 5.5 శాతానికి తగ్గించిన రోజు ఒక గ్రూపులో 5.75 అని తిరుగుతాంది, అందరూ అదే నోట్స్‌లో రాసుకుంటున్నారు. నా ఫీడ్‌లో ఆర్‌బీఐ ప్రకటనే నేరుగా ఉంది, సీఆర్ఆర్ (బ్యాంకులు తమ డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన వాటా) కూడా సెప్టెంబర్ నుంచి నాలుగు విడతల్లో 3 శాతానికి తెస్తామని అందులోనే రాసుంది. ఆ పేజీ చూపించి మావాళ్ళందరి చేతా దిద్దించినా.

ఇప్పుడు పొద్దున ఐదున్నరకి సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి తెరుస్తా. యాభై అరవై హెడ్డింగులుంటాయి, అక్కర్లేనివి వేలితో పక్కకి జరిపేస్తా, నాలుగైదు తెరిచి చదువుతా. గ్లాసు ఖాళీ అయ్యే టైమ్‌కి లిస్టు కూడా ఖాళీ అయిపోతాది. ఆ ఖాళీ స్క్రీన్ నాకు ఎంత నెమ్మదినిచ్చిందో మాటల్లో చెప్పలేను. ఇంతకు ముందు ఎంత కిందికి జరిపినా ఇంగా వస్తానే ఉండేది కదా.

లోపాలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌కి మాత్రమే, ఐఫోన్ వాళ్ళు వేరేది చూసుకోవాల. తెలుగు సైట్లు చానా వాటికి ఫీడే దొరకదు, నాకు ఇది పెద్ద కొరత. వర్డ్‌ప్రెస్ సైటైతే అడ్రస్ చివర స్లాష్ ఫీడ్ (/feed) అని కొట్టి చూడండి, మామూలుగా వస్తాది. కొన్ని సైట్లు రెండు లైన్లే ఇస్తాయి, సెట్టింగ్‌లో ఫుల్ ఆర్టికల్ ఆన్ చేస్తే కొంతవరకు సరిపోతాది. పీఐబీ మొత్తం పెట్టుకుంటే మళ్ళీ వరదే. ఇంగోటి, కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ దీన్ని వెనకాల ఆపేస్తాది, అప్పుడు పైనుంచి కిందికి లాగి రిఫ్రెష్ చేసుకోవాల్సిందే.

ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తా. వేసుకునే వాళ్ళు మొదటి వారం ఐదు ఫీడ్లకి మించి పెట్టొద్దండి, పాత చానళ్ళు కూడా అదే రోజు మ్యూట్ చేసేయండి, నేను రెండూ కలిపి నడిపిన ఆ పది రోజులూ యాప్ వల్ల ఏమీ లాభం కనపడలేదు.