శాసనాల ఫోటోలకు వాట్సాప్ గ్రూపా, ఈమెయిలా? ఏది మేలు?

పాత గుళ్ళూ శాసనాలూ చూస్తూ తిరిగే రిటైర్డ్ మాస్టార్లు, ఉద్యోగులు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు తక్కువేం కాదు. అలాంటివాళ్ళు పదిమంది కలిశారంటే ముందు పుట్టేది వాట్సాప్ గ్రూపే. శ్రీముఖలింగమో, సాలిహుండమో, రామతీర్థమో వెళ్ళొచ్చిన సాయంత్రం అందులో ఫోటోలు కుప్పలుగా పడతాయి. చూసి ఆనందించడానికైతే అది చాలు. చదవడానికైతే మాత్రం నా ఓటు ఈమెయిలుకే.

శ్రీముఖలింగం మధుకేశ్వరాలయంలో తూర్పు గాంగుల కాలం నాటి శాసనాలు ఎన్నో ఉన్నాయి. ఆ దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పాత లిపులు సొంతంగా నేర్చుకుని వాటిని చదివారు. ఆయన చదివింది రాతి మీద. మనం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చదువుతున్నాం కాబట్టి మనకు ఫోటోయే రాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మూడు నాలుగు ఎంబీల ఫోటో కొన్ని వందల కేబీలకు కుదించుకుపోతుంది. వేళ్ళతో పెద్దది చేసి చూస్తే అక్షరం అంచులు చెదిరిపోయి, ఏది తలకట్టో ఏది రాతి మీద గీతో తెలీదు. అది ‘ప’ అని ఒకరు, ‘వ’ అని ఇంకొకరు, రాత్రి పదింటి దాకా వాదన. శక సంవత్సరం అంకెలైతే మరీ ప్రమాదం. దానికి 78 కలిపి క్రీస్తు శకం లెక్క కడతాం కదా, వందల స్థానంలో ఒక్క అంకె తప్పు చదివితే రాజే మారిపోతాడు.

హెచ్‌డీ అని నొక్కితే కొంత నయం. డాక్యుమెంటుగా పంపితే ఫోటో ఉన్నదున్నట్టే వెళ్తుంది, తీసిన తేదీ కూడా అందులో నిలుస్తుంది. కానీ డెబ్బై దాటినవాళ్ళ చేత ప్రతిసారీ ఆ గుర్తు వెతికించి నొక్కించడం కష్టం. మెయిల్‌లో ఫోటోని ఫైలుగా జత చేస్తే చాలు, తగ్గకుండా చేరుతుంది. జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి 25 ఎంబీలే హద్దు, అంటే ఐదారు ఫోటోలు. అది దాటితే గూగుల్ డ్రైవ్ లింకుగా మారిపోతుంది. ఒక్కోసారి అవతల తెరిచిన మాస్టారిని పర్మిషన్ అడుగుతుంది, ఆయనకు టెన్షన్. అందుకని ఎక్కువుంటే రెండు మెయిళ్ళుగా పంపడం మంచిది.

మెయిల్‌లో ఇంకో లాభం, మాట పోగొట్టుకోకుండా దొరకడం. సబ్జెక్టులో ‘ఫోటోలు’ అని కాకుండా ‘శ్రీముఖలింగం, భీమేశ్వరాలయం, గుమ్మం పక్క శాసనం’ అని రాస్తే, ఆర్నెల్ల తర్వాత వెతికినా ఫోటోతో పాటు పదిమంది అన్న మాటలూ ఒకేచోట వస్తాయి. వాట్సాప్‌లో అదే చర్చ గుడ్ మార్నింగ్ పువ్వుల కింద, కషాయం చిట్కాల కింద ఎక్కడో ఉంటుంది. అయితే మెయిల్‌లోనూ క్రమం తప్పేవాళ్ళున్నారు. సాలిహుండం గురించి చెప్పాలనుకుని, దొరికిన పాత ముఖలింగం మెయిల్‌కే జవాబు కొట్టేస్తారు. కొత్త సంగతికి కొత్త మెయిల్ మొదలుపెట్టాలి. ఈ ఒక్కటీ అలవాటైతే సగం గందరగోళం పోతుంది.

మెయిల్‌లో అందరినీ భయపెట్టేది ‘రిప్లై ఆల్’. “బాబూ, ఒక్కడికే రాసినాను, అందరికీ వెళ్ళిపోనాదేటి?” అని పెద్దాయన కంగారుగా ఫోన్ చేస్తే కోప్పడకూడదు. శాసనం పాఠం గురించైతే రిప్లై ఆల్, ఆరోగ్యం, డబ్బు, ఇంటి సంగతులైతే ఉత్త రిప్లై అని కాగితం మీద రాసిచ్చి కంప్యూటర్ పక్కన అంటించాలి. “బాగుంది”, “ధన్యవాదాలు” అనే ఒక్క మాట కోసం అందరి ఇన్‌బాక్సులూ నింపక్కర్లేదు. జవాబు పైన రాసి, కింద పాత మెయిళ్ళ తోక కత్తిరిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివేవాళ్ళకు సుఖం. కొత్త పరిచయస్తులకు ఒకేసారి పంపేటప్పుడు అడ్రసులు బీసీసీలో (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడని గడిలో) పెట్టాలి, ఎవరి మెయిల్ ఐడీ ఎవరికిస్తున్నామో వాళ్ళనడగలేదు కదా. అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసాలుంటే పీడీఎఫ్ చేసి పంపండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

వాట్సాప్‌ని తీసేయమనను. ఆదివారం బస్సు ఎన్నింటికి, ఎవరు వస్తున్నారు, వంశధారకు నీరొచ్చిందా లాంటివాటికి మెయిల్ పనికిరాదు, రెండ్రోజుల తర్వాత చూస్తారు. చేతులు వణికేవాళ్ళకు వాయిస్ మెసేజ్ నిజంగా వరం. కాబట్టి ప్రయాణం సంగతులు, శుభాశుభాలు వాట్సాప్‌లో, శాసనం మెయిల్‌లో. శాసనం ఫోటోలు పంపినప్పుడు మాత్రం గ్రూపులో ‘మెయిల్ చూడండి’ అని ఒక్క ముక్క వెయ్యాలి.

మెయిల్ అంటేనే దూరంగా ఉండే ఒకరిద్దరు ప్రతి బృందంలోనూ ఉంటారు. తరచూ పాత లిపి బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళకు ఫోటోని నెట్ సెంటర్‌లో ఏ4 కాగితం మీద పెద్దగా ప్రింటు తీయించి ఇవ్వండి. వాళ్ళు పెన్సిలుతో అక్షరాలు దిద్ది ఇస్తే, ఆ కాగితాన్ని మళ్ళీ ఫోటో తీసి అదే మెయిల్‌కి జవాబుగా జత చేయండి.