చెట్టు కప్పల గాజుపెట్టె: నెల్లూరు ఎండకు ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

నెల్లూరులో చేపల తొట్లు చేసే ఒక అంగడివాళ్లు చెట్టు కప్పల కోసం మొక్కలు నాటుకునే గాజుపెట్టెలు కూడా ఆర్డరు మీద చేసిస్తున్నారు. అడుగు 18×18 అంగుళాలు, ఎత్తు 24. గాజు 5 మిల్లీమీటర్లు. ముందు రెండు తలుపులు, వాటి కింద రెండంగుళాల జాలీ పట్టీ, పైన సగం గాజు సగం జాలీ ఉన్న మూత. వెంట ఎల్‌ఈడీ లైటు, హీట్ బల్బు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), గులకరాళ్లు ఇస్తారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వైట్స్ ట్రీ ఫ్రాగ్ జాతి పెద్ద కప్పలు రెండింటికి ఈ కొలత సరిపోతుంది. పెట్టెకు ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. వెంట ఇచ్చే సామానుకు రెండు కూడా ఎక్కువే. చలిదేశాల పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు.

హీట్ బల్బునే చూడండి. ఈ కప్పకు పగలు 24 నుంచి 29 డిగ్రీలుంటే హాయి. 32 దాటి గంటల తరబడి ఉంటే నీరసించిపోతుంది. మే నెలలో మనకు బయట 40 దాటడం మామూలే. డిసెంబరు రాత్రి కూడా మన ఇళ్లలో ఈ కప్ప వణికేంత చలి ఉండదు. బల్బు వద్దని చెప్పి, ఆ డబ్బుతో వేడి, తేమ రెండూ చూపించే డిజిటల్ మీటరు, 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాను కొనుక్కోండి. ఫ్యాను మూత మీద, గాలిని బయటికి లాగేట్టు బిగించాలి. లోపలికి ఊదేట్టు పెడితే ముందు నాచు, తర్వాత కప్ప చర్మం ఎండుతాయి. ఎండాకాలం ఫ్యానొక్కటే చాలదు, పెట్టె ఏసీ గదిలో ఉండాల్సిందే. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి మూత జాలీ మీద పెట్టండి. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది.

మూతలో సగం గాజు ఎందుకంటే తేమ నిలవడానికి అన్నారు. కనిగిరి, పొదిలి వైపు పొడిగాలికి అది సరే. నెల్లూరు, కావలి, సింగరాయకొండ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో మాత్రం పూర్తి జాలీ అడిగి చేయించుకోండి. కింది పట్టీ నుంచి గాలి వచ్చి పైనుంచి పోవాలి. అది ఆగితే నేల పులిసిన వాసన వేస్తుంది, మొక్కల మొదళ్లు కుళ్లుతాయి, కప్ప పొట్ట మీద ఎర్రటి మచ్చలు మొదలవుతాయి. ఈ జాతికి తేమ 50 నుంచి 70 శాతం చాలు. గాజు రోజంతా చెమర్చి ఉందంటే తేమ ఎక్కువైందని అర్థం.

జాలీ కూడా మార్పించాలి. వాళ్లు వేసేది దోమల ప్లాస్టిక్ జాలీ. మేతకు వేసే కీచురాళ్లు దాన్ని రాత్రికి రాత్రే కొరికి ఇల్లంతా తిరుగుతాయి. ఇనుప జాలీ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. 304 గ్రేడు స్టీలు జాలీయే సరైనది.

సిలికాన్ పని నీటుగా ఉంది, మూలల్లో బుడగలు లేవు. కానీ ఏ రకం వాడారో ట్యూబు చూపించమని అడగండి. బాత్రూముల్లో వాడే బూజు పట్టని రకంలో మందు కలుస్తుంది, అది కప్పకు విషం. పెట్టె ఇంటికి రాగానే తలుపు తీసి కింది మూలలో ముక్కు పెట్టి చూడండి. వెనిగర్ వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. వారం రోజులు తలుపులు తెరిచి వదిలెయ్యండి.

అసలు లోపం నేల కింద ఉంది. నీళ్లు బయటికి పోయే దారి లేదు. గులకరాళ్ల మీద కోకోపీట్ పోసుకోమంటారు, మూడు నెలలకు అడుగున నల్లటి నీళ్లు నిలిచి కంపు కొడతాయి. గాజు అతికించక ముందే వెనక మూలలో అరంగుళం రంధ్రం వేయించి ట్యాంకు కనెక్టరు, వాల్వు పెట్టించుకోండి. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గాజు అయితే అలా గట్టిపరచక ముందే రంధ్రం వెయ్యాలి, తర్వాత వేస్తే పగులుతుంది. రాళ్ల బదులు క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుళ్లు) 10 లీటర్లు పోస్తే రెండంగుళాల మందం వస్తుంది, బరువూ తక్కువ. దాని మీద ఫైబర్ దోమతెర రెండు మడతలు పరిచి, ఆపైన మట్టి మూడంగుళాలు పొయ్యాలి. మొత్తం 16 లీటర్లు పడుతుంది: కోకోపీట్ 8, కొబ్బరి పెంకు ముక్కలు 3, కడిగిన పెన్నా ఇసుక 2, ఆకుల ఎరువు 2, బొగ్గు ముక్కలు 1. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి మూడుసార్లు నానబెట్టి పిండాలి. పైన ఎండిన బాదం ఆకులు ఉడికించి పరిస్తే కింద స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న పురుగులు బాగా పెరిగి రెట్టను, బూజును తినేస్తాయి.

మొక్కలు బలమైనవి కావాలి. పది సెంటీమీటర్ల కప్ప రాత్రిపూట దూకి దూకి లేత ఫెర్న్‌ను రెండు రోజుల్లో చదును చేస్తుంది. మనీప్లాంటు, సింగోనియం, శాన్సివేరియా తట్టుకుంటాయి. ఎక్కడానికి బొటనవేలు లావున్న జామ కొమ్మలు ఏటవాలుగా పెట్టండి. వేప కొమ్మ మాత్రం వద్దు, లోపలి పురుగులకు సరిపడదు. నర్సరీ మొక్కను కుండీతో దించకండి. వేళ్లను నీళ్లలో పూర్తిగా కడిగితే పసుపు రంగు ఎరువు గుళికలు ఒక్కొక్కటే రాలతాయి, అవి కప్ప కడుపులోకి పోకూడదు. పురుగుమందు పోవడానికి నాలుగు వారాలు బయట విడిగా పెంచి అప్పుడు నాటాలి.

నీళ్ల సంగతి అంగడివాళ్లు చెప్పరు. పెట్టెలో నాజిల్‌తో చల్లే తుంపరకు ఆర్ఓ నీళ్లే వాడండి. బోరు నీళ్లయితే నాజిల్ పూడిపోతుంది, గాజు మీద తెల్లటి మచ్చలు పడతాయి. కప్ప కూర్చునే గిన్నెలో మాత్రం వట్టి ఆర్ఓ నీళ్లు వద్దు, అందులో లవణాలు ఉండవు. క్లోరిన్ విరిచే మందు కలిపిన కుళాయి నీళ్లు పోసి రోజూ మార్చాలి. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే. అందుకే ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఆ గిన్నెలో పొయ్యకండి. తుంపర పొద్దున అర నిమిషం, సాయంత్రం అర నిమిషం చాలు.

పెట్టె, మట్టి, నీళ్లు కలిపి 35 కిలోల దాకా అవుతుంది, స్టాండు దానికి తగ్గట్టు చేయించుకోండి. మొక్కలు నాటాక కప్పలు లేకుండానే నెల రోజులు నడపండి. ఎర్ర కళ్ల చెట్టు కప్ప కావాలనుకునేవాళ్లు అది సైట్స్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధం-2లో ఉందని గుర్తుంచుకోండి. కొనేముందే అమ్మేవాళ్ల దగ్గర కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ నమోదు కాగితాలు అడిగి తీసుకోవాలి. వానకు స్నానాలగది గోడెక్కే మన చెట్టు కప్పను మాత్రం ఇందులో వెయ్యకండి. బయటి కప్ప మోసుకొచ్చే, కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజు లోపలివాటిని చంపగలదు. రాత్రి కిటికీ తెరిచిపెడితే దాని దారిన అది పోతుంది.