నాన్న మీసాన్ని కాపాడిన క్యూ బటన్: జీఎఫ్ఎక్స్ 50ఎస్ టూతో నాలుగేళ్ళు

ఫ్యూజీఫిల్మ్ వాళ్ళ ఈ జీఎఫ్ఎక్స్ 50ఎస్ టూ కెమెరా నా చేతికొచ్చి నాలుగేళ్ళయింది. మెగాపిక్సెళ్ళు, బరువు, లెన్సుల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్ళను. నేను చెప్పాలనుకున్నది వెనకవైపు బొటనవేలికి అందే ఒక చిన్న బటన్ గురించి. దాని మీద క్యూ అని ఉంటుంది. మొదటి ఏడాదంతా అది మెనూకి అడ్డదారి అనే అనుకున్నాను.

తీసిన రా ఫైలును, అంటే సెన్సర్ పట్టిన ముడి సమాచారాన్ని, తెర మీదకి తెచ్చుకుని ఆ బటన్ నొక్కితే కెమెరాయే డార్క్‌రూమ్ అయిపోతుంది. ఫిల్మ్ మార్చుకోవచ్చు (పాత ఫిల్ముల రంగుల్ని అనుకరించే సెట్టింగులివి), వెలుగు పెంచొచ్చు తగ్గించొచ్చు, వైట్ బ్యాలెన్స్‌ను ఎరుపు వైపో నీలం వైపో జరపొచ్చు, పైన కాస్త గ్రెయిన్ చల్లొచ్చు. అసలు ఫైలుకు ఏమీ కాదు, దాని పక్కన కొత్త జేపెగ్ ఒకటి తయారవుతుంది. ఇదంతా మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్ చదివి కెమెరా వాడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

నాకు తెలిసింది వేరే దారిలో. ఒక ఆదివారం పొద్దున నాన్న కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతున్నారు. ఒక చెంప మీద ఎండ, రెండో చెంప నీడలో. కిటికీ అవతల ఆకాశం తెల్లగా మండిపోతోంది. ఆ ఆకాశం పోకూడదని వెలుగుల్ని కాపాడే డైనమిక్ రేంజ్ (డీఆర్) సెట్టింగును 400కి పెట్టాను. ముందురోజు కొండలు తీసినప్పటి వెల్వియా ఫిల్మ్ సెట్టింగు అలాగే ఉండిపోయింది, చూసుకోలేదు. పది ఫోటోలు తీశాక నాన్న తలెత్తకుండానే "అయిందా?" అన్నారు. అయిందన్నాను.

మర్నాడు పొద్దున ఆయన మీసం తీసేసి బాత్రూంలోంచి బయటికొచ్చారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న మీసం. ఎందుకు తీశారంటే "రంగు వేసే ఓపిక లేదురా" అన్నారు. అంతే.

అప్పుడు గబగబా ఫోటోలు చూశాను. జేపెగ్‌లలో నాన్నకు నూటమూడు జ్వరం వచ్చినట్టుంది, చెవి తమ్మెలైతే రక్తం కారుతున్నంత ఎరుపు. వెల్వియా స్వభావమే అది. 1990లో వచ్చిన అసలు స్లైడ్ ఫిల్మ్‌నే ఆకులకూ కొండలకూ వాడేవారు కానీ మొహాల దగ్గరికి రానిచ్చేవారు కాదు. సరే, రా ఫైళ్ళున్నాయి కదా అని కంప్యూటర్‌లో తెరిచాను. పదికి పదీ చీకటి. మునిమాపు వేళ కరెంటు పోయిన గదిలా ఉన్నాయి. స్లయిడర్ పట్టుకుని రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు) లాగితే మొహం వెలిగింది గానీ ఆకాశం సున్నం కొట్టినట్టయింది. సెన్సర్‌కి ఏమైనా అయిందేమోనని ఆ పూటంతా టెన్షన్.

సెన్సర్‌కి ఏమీ కాలేదు, నాకే తెలియలేదు. డీఆర్ 400 పెట్టినప్పుడు కెమెరా మనకు ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చదవాలో చెప్పే అంకె) 400 అని చూపిస్తుంది కానీ, సెన్సర్‌ను 100 దగ్గర ఉన్నట్టే చదువుతుంది. అంటే రా ఫైలు రెండు స్టాపులు తక్కువ వెలుగుతో పడుతుంది. ఆకాశం దక్కేది ఆ రెండు స్టాపుల వల్లే. తర్వాత జేపెగ్ చేసేటప్పుడు నీడల్నీ మధ్య టోన్లనీ పైకి లేపుతుంది, వెలుగుల్ని ఉన్నచోటే ఉంచుతుంది. అలా లేపాలన్న సంగతిని ఫైలులో చీటీ రాసినట్టు రాసి పెడుతుంది. నేను వాడిన సాఫ్ట్‌వేర్ ఆ చీటీని చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ రాత్రి పనికిరానివి చెరిపేద్దామని కూర్చుని, చెరిపే బటన్ అనుకుని క్యూ నొక్కాను. తెర మీద వరసగా ఆప్షన్లు వచ్చాయి. ఫిల్మ్ సిమ్యులేషన్ అన్న చోట వెల్వియా తీసి ప్రోవియా పెట్టాను, జ్వరం దిగింది. ఆస్టియా పెట్టాను, చెంప కాస్త గులాబీగా మెత్తబడింది. తర్వాత ప్రో నెగ్ స్టాండర్డ్. దీన్ని పొగిడినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు. స్టూడియోలో లైట్లు అమర్చుకుని తీసే నెగటివ్ లక్షణం దానిది, బయట తీస్తే చప్పగా, ఉప్పు మరిచిన కూరలా కనిపిస్తుంది. కానీ ఆ గట్టి ఎండకి సరిగ్గా ఆ చప్పదనమే కావలసి వచ్చింది. ఎండ చెంప నుంచి నీడ చెంపకి ముక్కు మీదుగా వెలుగు ఎక్కడా గీత గీసినట్టు తెగలేదు. కిటికీ అవతల ఆకాశం ఆకాశంలాగే ఉంది. పెద్దది చేసి చూస్తే మీసం కింది నీడలో ఒక్కో వెంట్రుకా విడిగా ఉంది: కొసల్లో నలుపు, మొదట్లో తెలుపు. రంగు వేసి పది రోజులై ఉంటుంది.

ఆ ఫోటో చూసిన ఊపులో, ఇదంతా పెద్ద సెన్సర్ మహిమ అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. 43.8 × 32.9 మిల్లీమీటర్ల సెన్సర్ ఇది. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు) కంటే వైశాల్యంలో సుమారు 1.7 రెట్లు, స్టాపుల్లో చూస్తే ముప్పావు మాత్రమే. మీడియం ఫార్మాట్ అని పిలుస్తాం గానీ, ఫిల్మ్ రోజుల్లో 645 ఫ్రేమే 56 × 41.5 ఉండేది. అంటే ఇది ఆ కుటుంబంలో అందరికంటే చిన్నవాడి కంటే చిన్నది. పైగా ఒకరోజు స్నేహితుడి ఏపీఎస్‌సీ ఫ్యూజీతో (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ అది) అదే కిటికీ దగ్గర, అదే ప్రో నెగ్ స్టాండర్డ్‌లో తీసి రెండూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టుకున్నాం. ఏది ఎవరిదో ఇద్దరం తప్పే చెప్పాం. రెండేళ్ళుగా నేను సెన్సర్ ఖాతాలో వేస్తున్న మెత్తదనంలో సగం వెలుగునీడల్ని సర్దే ఆ ఫిల్మ్ టోన్ కర్వ్‌దే.

తేడా తేలింది ప్రింటులో. 8256 × 6192 పిక్సెళ్ళంటే అంగుళానికి 300 చొప్పున 27 అంగుళాల పైనే. ఆ సైజులో ప్రింటు వేయించి గోడకి పెడితే నాన్న దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి జరిపి, చేతిలోని పేపరు మీద తేదీ చదివారు. మీసం గురించి ఏమీ అనలేదు.

మిగతా ఫిల్ముల్లో క్లాసిక్ నెగటివ్ మొదటి ఆరు నెలలు తెగ వాడాను, ఇప్పుడు ఆ పచ్చటి నీడలు చూస్తే విసుగు. నోస్టాల్జిక్ నెగ్ సాయంత్రం వెలుగుకి బాగుంటుంది, వెలుగుల్లో తేనె రంగు పూస్తుంది, కానీ ట్యూబులైటు కింద ఆ తేనె పాకం అవుతుంది. నలుపు తెలుపు ఫిల్మ్ ఆక్రోస్‌కి ఎర్ర ఫిల్టర్ కలిపితే మబ్బులు లేచి నిలబడతాయి.

క్యూ బటన్‌తో చిక్కులూ ఉన్నాయి. తీసేటప్పుడు డీఆర్ 100 పెడితే తర్వాత 400 చేయడం కుదరదు. 400తో తీసినదాన్ని తగ్గించుకోవచ్చు, అంతే. అందుకని వెలుతురు గట్టిగా ఉందంటే ముందే 400 పెట్టేస్తున్నాను. వెలుగు ఎంతెంత పడిందో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్ కూడా మనం ఎంచుకున్న ఫిల్మ్‌నే నమ్ముతుంది. వెల్వియాలో ఎరుపు నిండిపోయిందని భయపెడుతుంది, రా ఫైలులో ఇంకా చోటుంటుంది. చిన్న తెర మీద అర్ధరాత్రి లైటు ఆర్పిన గదిలో చేసిన ఫోటోలు పొద్దున చూస్తే చీకటిగా ఉంటాయి, కాబట్టి గదిలో లైటు వేసుకునే చేయాలి. కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఫ్యూజీ వాళ్ళ ఎక్స్ రా స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో చేస్తే పెద్ద తెర దొరుకుతుంది, కానీ అక్కడా లెక్క కట్టేది కెమెరాలోని ప్రాసెసరే, అదీ ఫోటో తీసిన మోడల్ అయి ఉండాలి. బాడీ అమ్మేస్తే నా డార్క్‌రూమ్ దాంతోనే వెళ్ళిపోతుంది. వేరే సాఫ్ట్‌వేర్లలో ఇవే పేర్లతో ప్రొఫైల్స్ ఉన్నాయి, దగ్గరగానే ఉంటాయి, నాకైతే చర్మం దగ్గర ఒక పిసరు తేడాగా అనిపిస్తుంది. అది నా భ్రమ కూడా కావచ్చు.

కొనమంటారా అని అడిగితే, మా అక్కకి వద్దన్నాను. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక్కచోట నిలవరు. దీని ఫోకస్ కాంట్రాస్ట్ చూసుకుంటూ ముందుకూ వెనక్కూ కదిలి కుదురుకునేలోపు వాళ్ళు పక్క గదిలో ఉంటారు. పైగా తీసిన నిమిషంలో అందరికీ పంపాలి ఆవిడకి. నాకు నడిచిపోతోందంటే నేను తీసేది ఎక్కువగా కూర్చున్న మనుషుల్ని, కదలని కొండల్ని. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఒక గంట ఖాళీ దొరుకుతుంది, అందులో నాలుగైదు ఫోటోలు చేస్తాను. ఈమధ్య ఆఫీసు పని పెరిగి ఆ గంట వారానికి రెండుసార్లే చిక్కుతోంది. అది కూడా పోతే ఈ కెమెరా గురించి మళ్ళీ ఆలోచించాలి.